నలభై దాటాక ఆన్‌లైన్ చదువు: ముందు గంట, తర్వాత కోర్సు, చివర్న డబ్బు

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. బీకాం పాసయ్యాక పద్దెనిమిదేళ్లు పాఠ్యపుస్తకం ముట్టుకోలేదు. తర్వాత మూడుసార్లు ఆన్‌లైన్ కోర్సుల్లో చేరాను. మొదటిది మూడో వారంలో వదిలేశాను. రెండోది డబ్బు కట్టి మరీ వదిలేశాను, దాని సంగతి కింద చెప్తాను. మూడోది పూర్తి చేసి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. మొదటిసారికీ మూడోసారికీ మధ్య నాకు తెలివేమీ పెరగలేదు. పనుల వరస మారింది, అంతే. మొదటి రెండుసార్లూ ప్రకటన చూసి, ఫీజు కట్టి చేరిపోయాను. ఎప్పుడు కూర్చుని చదువుతానో ఆలోచించనే లేదు. మూడోసారి ముందు గంట వెతుక్కున్నాను, ఆ గంటకి సరిపోయే కోర్సు చూసుకున్నాను, డబ్బు మాట ఆఖర్న పెట్టాను.

ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, పెద్దవాళ్లు అన్నీ చూసుకుంటూ మళ్లీ చదవాలనుకునే గుంటూరు, విజయవాడ వాళ్ల కోసం ఆ వరసలోనే రాస్తున్నాను. మీరూ ఈ వరసలోనే చేయండి.

మొదట గంట దొరకబుచ్చుకోండి

ఏ వెబ్‌సైటూ తెరవకముందు ఒక పాత డైరీ తీసుకోండి. వారం రోజులపాటు మీ రోజు ఎలా గడుస్తుందో అందులో రాయండి. గొప్పగా రాయక్కర్లేదు. "6.00 కుళాయి నీళ్లు, 6.30 టిఫిన్, 7.45 బాబు స్కూలు బస్సు" అని రాస్తే చాలు. వారం తిరిగాక చూడండి, ఎవరికీ చెందని సమయం ఎక్కడుందో. నాకది తెల్లవారుజామున 5 నుంచి 5.50 వరకు దొరికింది. పాలబ్బాయి రాడు, నీళ్లు రావు, ఫోను మోగదు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత కూడా ఖాళీ ఉండేది కానీ, ఆ టైముకి ఒళ్లు అలిసిపోయి వీడియో పెట్టుకుని నిద్రపోయేదాన్ని. మొదటి కోర్సు అలాగే పోయింది. ఖాళీగా ఉన్న గంట వేరు, చదువు తలకెక్కే గంట వేరు. రెండూ కలిసిన గంట కావాలి.

వారానికి కనీసం ఐదు గంటలు తేలకపోతే ఇప్పుడే చేరకండి. అది ఓటమి కాదు. రెండు నెలలాగి, ఇంట్లో ఒక పని ఇంకొకరికి అప్పజెప్పి, అప్పుడు చేరండి.

గుంటూరు, విజయవాడ మధ్య రోజూ బస్సులోనో రైల్లోనో తిరిగేవాళ్లు "ప్రయాణంలో చూసేస్తాం" అంటారు. నా సలహా వేరు. ప్రయాణంలో నిన్న చూసిన పాఠం మళ్లీ వినండి, పునశ్చరణకి బాగుంటుంది. కొత్త పాఠం, అసైన్‌మెంటు మాత్రం కుర్చీలో కూర్చుని, చేతిలో పెన్ను పెట్టుకుని చేయాల్సిందే.

గంట దొరికాక ఇంట్లో నోరు విప్పి చెప్పండి. ఇది చాలామంది ఆడవాళ్లు చేయరు, నేనూ మొదట చేయలేదు. ఏదో దొంగతనం చేస్తున్నట్టు వంటింట్లో ఫోను పెట్టుకుని వినేదాన్ని. మూడోసారి మా అత్తయ్యకి, మా ఆయనకి కూర్చోబెట్టి చెప్పాను: "రోజూ ఐదింటికి యాభై నిమిషాలు చదువుకుంటాను, అక్టోబరు దాకా. ఆ టైములో కాఫీ మీరే పెట్టుకోవాలి" అని. పది రోజుల తర్వాత మా అత్తయ్యే ఒకరోజు తలుపు తట్టి, "ఐదు దాటింది, లేవవా?" అని అడిగారు. గడువు చెప్పడం ముఖ్యం. ఎప్పటికీ అంటే ఎవరూ ఒప్పుకోరు, అక్టోబరు దాకా అంటే ఒప్పుకుంటారు.

ఇంట్లో చోటు లేకపోతే లైబ్రరీ ఉంది. విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం, గుంటూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం లాంటి చోట్ల పోటీ పరీక్షల పిల్లల పక్కన కూర్చుంటే మనకీ చదవాలనిపిస్తుంది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. చదువుకునేవాడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే వాడి రేవుకి వెళ్లింది. తొంభై ఏళ్ల కిందట మన కాలువల మీద జరిగిన పని అది. ఫోనులో పాఠం తెరిచిన ప్రతిసారీ నాకు ఆ పడవ గుర్తొస్తుంది.

రోజు ఒక్కటే కాదు, ఏడాది కూడా చూసుకోండి

పెద్ద ఉచిత కోర్సులు చాలావరకు రెండు విడతల్లో నడుస్తాయి: జనవరి నుంచి ఏప్రిల్, జులై నుంచి అక్టోబరు. మీ పని ఏ నెలల్లో ఊపిరి ఆడనివ్వదో దానితో పోల్చి చూడండి. మిర్చి యార్డుతో సంబంధం ఉన్నవాళ్లకి జనవరి విడత కుదరదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతూనే ఉంటాయి, రాత్రి పదింటికి కూడా లెక్క తేలదు. టీచర్లకి మార్చి పరీక్షలు. బట్టల షాపులో చేసేవాళ్లకి శ్రావణం, దసరా. అకౌంట్స్ వాళ్లకి నెలనెలా జీఎస్టీ రిటర్నుల తేదీలు, 11వ తారీఖు ఒకటి, 20వ తారీఖు ఒకటి. నేను గోడ క్యాలెండరు మీద ఆ రెండు తేదీల ముందు రోజులకి ఎర్ర గీత కొట్టి, ఆ వారం అసైన్‌మెంటు అంతకుముందే పూర్తి చేసేదాన్ని. పూర్తిగా ఖాళీ ఉన్న నెల ఎవరికీ ఉండదు. ఏ నెలలో ఎంత బరువుందో ముందే తెలిస్తే చాలు.

దేనికి చదువుతున్నారో ఒక్క వాక్యంలో రాయండి

"కంప్యూటర్ నేర్చుకోవాలి" అంటే కోర్సు ఎంచుకోలేం. "రైతుల వారీగా, గది వారీగా ఎన్ని టిక్కీలు ఉన్నాయో రోజూ సాయంత్రం ఎక్సెల్‌లో పది నిమిషాల్లో తీయగలగాలి" అనేది నేను రాసుకున్న వాక్యం. ఇలా రాయగానే సగం కోర్సులు వాటంతటవే పక్కకి తప్పుకున్నాయి.

వాక్యం తట్టకపోతే ఇలా ఆలోచించండి: మీ పనిలో దేని కోసం పదేపదే పక్కవాళ్లని బతిమాలుతున్నారు? మా ఆఫీసులో పివట్ టేబుల్ (ఎక్సెల్‌లో పెద్ద లెక్కని చిన్న పట్టికగా కూర్చే పద్ధతి) వేయాలంటే ఇరవై నాలుగేళ్ల కుర్రాడిని పిలిచేదాన్ని. పాపం వాడు విసుక్కునేవాడు కాదు, కానీ నాకే చిన్నతనంగా ఉండేది. ఆ చిన్నతనమే నా సిలబస్ అయింది.

మీ వాక్యంలో డిగ్రీ అనే మాట ఉంటే, అంటే ప్రమోషన్‌కో ఉద్యోగానికో పట్టా కాగితమే కావాలంటే, మీ దారి వేరు. దాని గురించి కాసేపట్లో చెప్తాను. మీ వాక్యంలో సంగీతమో, చరిత్రో, తెలుగు సాహిత్యమో ఉంటే అదీ మంచిదే. ఉపయోగం ఏంటని ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సిన పని లేదు.

ఉచితంగా రుచి చూడండి

ఇప్పుడు వెబ్‌సైట్లు తెరవండి. మొదట చూడాల్సింది "స్వయం" అనే వెబ్‌సైటు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించింది. పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్, సైన్స్ వైపు అయితే ఎన్‌పీటీఈఎల్ ఉంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన కార్యక్రమం అది. దాని కోర్సులు స్వయంలోనే కనిపిస్తాయి. 4, 8, 12 వారాల కోర్సులుంటాయి. చాలా ఏళ్ల తర్వాత చదువుతున్నవాళ్లు 12 వారాల దాంతో మొదలుపెట్టొద్దు. 4 లేదా 8 వారాలది తీసుకోండి.

ఇంగ్లీషులో వినడం కష్టం అనుకునేవాళ్లకి ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ నిజంగా వరం. లిబ్రే ఆఫీస్ (ఎక్సెల్, వర్డ్ లాంటి పనులు చేసేది) లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ల మీద పదేసి నిమిషాల చిన్న పాఠాలు, తెలుగులో డబ్బింగ్ చేసినవి ఉంటాయి. దాన్ని చూసే పద్ధతి ఒకటుంది. కంప్యూటర్ తెరని రెండు సగాలు చేయండి. ఎడమవైపు వీడియో, కుడివైపు సాఫ్ట్‌వేర్. వీడియోలో పాఠం చెప్పేవారు ఒక మెనూ నొక్కగానే వీడియో ఆపి మీరూ అదే నొక్కండి. పది నిమిషాల పాఠానికి నాకు నలభై నిమిషాలు పట్టేది. అంత పట్టాలి కూడా. చూస్తూ పోతే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, మర్నాడు ఆఫీసులో చేయి కదలదు.

టీచర్లయితే దీక్ష, ప్రభుత్వ ఉద్యోగులయితే ఐగాట్ కర్మయోగి చూడండి. అవి మీ పనికి తగ్గట్టే కట్టినవి.

కోర్సు మంచిదా కాదా ఎలా తెలుస్తుంది? పరిచయం వీడియో చూడకండి. అందులో అందరూ చక్కగా మాట్లాడతారు. మధ్యలో, నాలుగో వారం పాఠం ఒకటి తెరవండి. మొదటి మూడు వారాలూ చదివి ఉంటే ఇది నాకు అర్థమయ్యేదేనా అని మిమ్మల్ని మీరు అడగండి. పాఠం చెప్పేవారు పలికే తీరు మీ చెవికి ఎక్కుతుందా చూడండి. అసైన్‌మెంటు ప్రశ్నలు ఉంటే ఒకటి చదవండి. నాలుగో వారం పాఠాలు ఇంకా పెట్టకపోతే అదే కోర్సు పాత విడత దొరుకుతుందేమో వెతకండి, ఎన్‌పీటీఈఎల్‌లో చాలావాటికి దొరుకుతుంది. రెండు మూడు కోర్సులు ఇలా తిరగేశాక ఒక్కదాంట్లోనే చేరండి. ఒకేసారి మూడింట్లో చేరినవాళ్లు ఒక్కటీ ముగించకపోవడం నేను కళ్లారా చూశాను.

పట్టా కావాలంటే

పదో తరగతితోనో ఇంటర్‌తోనో ఆగిపోయినవాళ్లు ముందు ఆ మెట్టు ఎక్కాలి. ఏపీ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి, ఇంటర్ రాయొచ్చు. వయసు ఎక్కువైందని ఎవరూ ఆపరు. సబ్జెక్టులన్నీ ఒకేసారి పాసవ్వక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు. ఇంటి పనులు చేసే ఒక అక్క మా వీధిలో ఇలాగే రెండు రెండు సబ్జెక్టులు రాసుకుంటూ వస్తోంది.

డిగ్రీ, పీజీ అయితే 1985లో ఏర్పడిన ఇగ్నో (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది. జనవరి, జులై అడ్మిషన్లు. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. అసైన్‌మెంట్లు చేత్తో రాసి ఇవ్వాలి, వాటికీ మార్కులుంటాయి. చాలామంది పరీక్ష రాసి అసైన్‌మెంటు మర్చిపోయి ఏడాది పోగొట్టుకుంటారు. రెండు ఊళ్లకీ మధ్య హైవే పక్కనే ఉన్న ఆచార్య నాగార్జున యూనివర్సిటీకి కూడా దూరవిద్య కేంద్రం ఉంది.

ఏ యూనివర్సిటీ అయినా సరే, చేరేముందు యూజీసీ (యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) వాళ్ల దూరవిద్య బ్యూరో వెబ్‌సైటులో చూసుకోండి. యూనివర్సిటీ పేరు ఉంటే సరిపోదు. మీరు చేరబోయే కోర్సు పేరు, మీరు చేరే ఏడాది, రెండూ ఆ జాబితాలో ఉండాలి. అనుమతి ఉన్న యూనివర్సిటీ నుంచి అనుమతి ఉన్న కోర్సు ఆన్‌లైన్‌లో చేసినా, దూరవిద్యలో చేసినా మామూలు డిగ్రీతో సమానమే. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి మాత్రం దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ డిగ్రీగా ఇవ్వడానికి వీల్లేదు. ఎవరైనా ఆన్‌లైన్ బీటెక్ ఇప్పిస్తామంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. గోడల మీద "ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ" అని నంబరుతో కనిపించే రాతలు మనందరికీ తెలిసినవే. డబ్బు పోతే పోయింది, ఆ కాగితం ఉద్యోగంలో పెడితే పరువూ, ఉద్యోగమూ రెండూ పోతాయి.

దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ చేరాలంటే 2024 నుంచి ఆ దూరవిద్య బ్యూరో ఇచ్చే డెబ్ ఐడీ అనే నంబరు మీరే తెచ్చుకోవాలి. దానికి ముందు డిజిలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ, అంటే మీ చదువు క్రెడిట్లు దాచే ఖాతా నంబరు, కావాలి. రెండూ ఉచితం, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఏజెంటుకి ఆధార్, ఓటీపీ ఇచ్చి చేయించుకోవద్దు.

పేరు సరిచూసుకోండి

చిన్న విషయంలా ఉంటుంది, చివర్లో ఏడిపిస్తుంది. మనవాళ్లకి ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒక కాగితంలో వెనక, ఇంకోదాంట్లో ఒక్క పొడి అక్షరం. పెళ్లయిన ఆడవాళ్లకి ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు, పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు. రిజిస్ట్రేషన్‌లో ఏ పేరు కొడితే సర్టిఫికెట్ మీద అదే వస్తుంది. పరీక్ష హాలులో గుర్తింపు కార్డు మీద పేరు, హాల్ టికెట్ మీద పేరు ఒకటిగా ఉండాలి. డిగ్రీ చదివేవాళ్లు పదో తరగతి మెమో ప్రకారం వెళ్లి, అవసరమైతే ముందే ఆధార్ సరిచేయించుకోండి. పరీక్షకి నెల ముందు మొదలుపెడితే టెన్షన్ తప్ప పని జరగదు.

ఇప్పుడు డబ్బు

నా రెండో కోర్సు కథ ఇక్కడ చెప్పాలి. ఒక ప్రైవేటు కంపెనీ డేటా కోర్సు ప్రకటన చూసి ఫోన్ నంబరు ఇచ్చాను. పావుగంటలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మీ లాంటివాళ్ల కోసమే ఈ బ్యాచ్. రెండు సీట్లే ఉన్నాయి. ఈ రాత్రి పన్నెండు తర్వాత డిస్కౌంట్ ఉండదు" అంది. అంత డబ్బు లేదన్నాను. "నెలకి కొంచెం కొంచెం కట్టొచ్చు మేడమ్, వడ్డీ లేదు" అంది. ఆధార్, పాన్ ఫోటోలు పంపాను, సెల్ఫీ దిగాను, వచ్చిన ఓటీపీలు ఒకటొకటిగా చెప్పాను. నేను కోర్సు ఫీజు వాయిదాల్లో కడుతున్నాననుకున్నాను. మరుసటి నెల 5వ తారీఖున బ్యాంకు మెసేజ్ వచ్చింది. అందులో కోర్సు పేరు లేదు. నేనెప్పుడూ వినని ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంది. అంటే ఫీజు మొత్తం వాళ్లకి మొదటిరోజే ముట్టింది. అప్పు నా పేరు మీద, పద్దెనిమిది నెలలకి. పాఠాలు నాకు పనికొచ్చేవి కావని మూడో వారంలోనే తెలిసింది, కానీ వాయిదాలు మాత్రం ఆఖరుదాకా కట్టాను. ఇరవై ఏళ్లుగా ఊరివాళ్ల లెక్కలు రాస్తున్న మనిషిని, నా సొంత సంతకం దగ్గర చదవలేదు. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఇవి చేయండి. ఫోన్‌లో ఎవరు ఏం చెప్పినా "మెయిల్‌లో రాసి పంపండి" అనండి. రాసి పంపనిది లేనట్టే లెక్క. ఫీజు ఎంత, జీఎస్టీ కలిపా, కలపకుండానా, ఎన్ని రోజుల్లో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు అనేవి కాగితం మీద ఉండాలి. వాయిదాలు అన్నారంటే ఒక్కటే ప్రశ్న అడగండి: "ఇది మీరు తీసుకునే వాయిదానా, నా పేరు మీద అప్పా?" అప్పయితే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి. అప్పిచ్చేవాళ్లు మొత్తం ఖర్చు, వడ్డీ అందులో చూపించి ఇవ్వాలనేది రిజర్వ్ బ్యాంకు నిబంధన. యాప్‌లో తీసుకున్న ఇలాంటి అప్పులకి కూలింగ్ ఆఫ్ గడువు కూడా ఉంటుంది. ఆ లోపల అసలు, ఆ కొద్దిరోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఆ గడువు ఎన్ని రోజులో ఒప్పందంలో చూసి గోడ క్యాలెండరు మీద రాయండి. అప్పు మొదలయ్యాక కోర్సు నచ్చలేదని వాయిదా ఆపేస్తే మాత్రం సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నామో లేదో చూపే లెక్క) దెబ్బతింటుంది. రేపు ఇంటి లోనుకి వెళ్లినప్పుడు బయటపడుతుంది. ముందు కోర్సువాళ్ల చేత రాతపూర్వకంగా రద్దు చేయించండి, అప్పు మూసినట్టు కాగితం తెచ్చుకోండి.

మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. మీరు ఉండే జిల్లాలోనే పెట్టొచ్చు, ఐదు లక్షల లోపు సొమ్ముకి ఫీజు ఉండదు. ఓటీపీతో ఖాతాలోంచే డబ్బు లాగేస్తే అది సైబర్ నేరం, వెంటనే 1930.

ఇంతా చెప్పి, డబ్బు కట్టే కోర్సులన్నీ చెడ్డవని అనను. టాలీ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్లు బ్రాడీపేటలోనో గవర్నర్‌పేటలోనో ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి, పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని నేర్చుకుంటేనే త్వరగా వస్తాయి. ఉచితంగా రెండు వారాలు ఆగకుండా చదవగలిగారంటే, ఆ తర్వాత ఏదైనా మంచి కోర్సుకి డబ్బు కట్టినా దండగ కాదు. ఆ రెండు వారాలు గడవకముందు మాత్రం రూపాయి తీయకండి.

వారం వారం చదవడం

ఫోన్‌లో వీడియో చూడొచ్చు, కానీ ఎక్సెల్, టైపింగ్ ఉన్న కోర్సుకి కంప్యూటర్ కావాలి. పిల్లల పాత లాప్‌టాప్ చాలు. చెవులకి మంచి హెడ్‌ఫోన్స్ మాత్రం కొనండి. పాఠం స్పష్టంగా వినపడితే సగం భయం పోతుంది.

ఇంగ్లీషు గురించి చాలామంది అడుగుతారు. నేను తెలుగు మీడియం. మొదటి వారం ఏమీ అర్థం కాలేదు, నిజం. మూడు పనులు చేశాను. వీడియో వేగం 0.75కి తగ్గించాను. కింద అక్షరాలు వచ్చేలా పెట్టుకున్నాను. ఎన్‌పీటీఈఎల్‌లో చాలా కోర్సులకి పాఠం మొత్తం రాతలో కూడా దొరుకుతుంది, కొన్నిటికి తెలుగు అనువాదం కూడా ఉంది, అది ముందే చదువుకుని తర్వాత వీడియో చూసేదాన్ని. మూడో వారానికి వేగం మామూలుకి వచ్చేసింది.

నోట్సు ఇలా రాయండి. పేజీ మధ్యలో నిలువుగా గీత. ఎడమవైపు కొత్త పదం, పాఠం చెప్పేవారు పలికినట్టే. కుడివైపు మీ తెలుగులో, మీ పనిలోంచి ఉదాహరణ. నా పుస్తకంలో "మీడియన్" అని ఎడమవైపు ఉంటే, కుడివైపు ఇలా ఉంది: "పదకొండు మంది రైతుల రేట్లు చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా రాస్తే ఆరోవాడి రేటు. ఒక్కడికి మంచి రేటు పడితే సగటు పెరుగుతుంది, ఇది కదలదు." ఆ ఒక్క వాక్యం రాయడానికి పావుగంట పట్టింది. పరీక్షలో అదే ప్రశ్న వేరే రూపంలో వస్తే పావు నిమిషం పట్టలేదు.

అసైన్‌మెంటు ఆఖరి రోజుకి ఉంచకండి. వారం మధ్యలో రాత్రి పన్నెండుకి గడువు ముగుస్తుంది, ఆ రాత్రే కరెంటు పోతుంది. ఎన్‌పీటీఈఎల్ లెక్క తెలుసుకుంటే మనసు తేలికవుతుంది. 8 వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన 6 అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు. అంటే రెండు వారాలు పండగకో జ్వరానికో పోయినా కొంప మునగదు. ఒక వారం తప్పిపోతే ఆ వారాన్ని వదిలేసి ఈ వారం పాఠంలో కూర్చోండి. పాత బాకీ తీర్చాకే కొత్తది అనుకున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు.

అర్థం కానిది కోర్సు చర్చా వేదికలో అడగండి. పిల్లలు నవ్వుతారేమో అని నేను నాలుగు వారాలు అడగలేదు. అడిగితే ఆ సాయంత్రానికే జవాబొచ్చింది.

పరీక్ష, ఆ తర్వాత

ఎన్‌పీటీఈఎల్ కోర్సులో చేరడం వేరు, పరీక్షకి నమోదు చేసుకోవడం వేరు. రెండోదానికి విడిగా గడువుంటుంది, దాదాపు 1000 రూపాయల ఫీజు ఉంటుంది. పాఠాలన్నీ చదివి ఇది మర్చిపోయినవాళ్లు ఉన్నారు. నమోదులో ఊరు ఎంచుకునేటప్పుడు మీకు దగ్గరలో ఉన్నవే వరసగా పెట్టండి. మార్కుల్లో 25 అసైన్‌మెంట్లకి, 75 పరీక్షకి. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రావాలి, రెండూ విడివిడిగా.

పరీక్ష మూడు గంటలు, కంప్యూటర్ మీద. మౌసు అలవాటు లేనివాళ్లు ముందు వారం రోజులు మౌసుతోనే పని చేయండి. నా సెంటరు విజయవాడ వైపు ఊరి బయట ఒక కాలేజీలో పడింది. ముందురోజు సెంటరు ఎక్కడో చూసి రాలేదు, ఆ ఉదయం ఆటో కోసం ఇరవై నిమిషాలు నిలబడాల్సి వచ్చింది. హాల్ టికెట్ ప్రింటు, అసలు గుర్తింపు కార్డు, మంచినీళ్ల సీసా పెట్టుకుని గంట ముందే చేరుకోండి. చుట్టూ అందరూ ఇంజనీరింగ్ పిల్లలే ఉంటారు, ఒకబ్బాయి నన్ను చూసి ఇన్విజిలేటర్ అనుకుని రూమ్ నంబరు అడిగాడు. చెప్పి, నా సీటులో కూర్చున్నాను.

ఫలితం వచ్చాక సర్టిఫికెట్ పీడీఎఫ్ దించుకుని మెయిల్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచండి. రెజ్యూమేలో కోర్సు పేరు, నేర్పిన సంస్థ, ఎన్ని వారాలు, ఏ ఏడాది అనేవి రాయండి. దానితో పాటు చేసిన పని ఒకటి చూపించడానికి సిద్ధంగా పెట్టుకోండి. నేను మా యజమానికి సర్టిఫికెట్ చూపించలేదు. మొదట స్టాకు షీటు తెరిచి చూపించాను. ఏ గదిలో ఎవరి సరుకు, ఎన్నాళ్లుగా ఉంది, అద్దె ఎంత బాకీ, అన్నీ ఒక్క తెరలో. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండు నిమిషాలు చూసి, "ఇది ఎవరు చేశారమ్మా?" అని అడిగారు. సర్టిఫికెట్ అప్పుడు తీశాను.